గుండీల వరుస

అక్కకి నమస్కారం. నేను బాగానే ఉన్నాను. నువ్వూ, బావా, చిన్నదీ కులాసాగా ఉన్నారనుకుంటున్నాను.

వంట వచ్చిందా అని అడిగావు. వచ్చింది. ఇంకొకరితో మాట్లాడుకుంటూ తినడమే మర్చిపోయాను. గదిలో రెండో కుర్చీ మీద తడిబట్టలు ఆరేస్తున్నాను, కూర్చునేవాళ్ళు లేరుగా.

తమ్ముడు లెక్కలు రాస్తాడంటే పక్కింటావిడ "కిరాణా కొట్టులోనా?" అందని రాశావు. ఆవిడకి ఇలా చెప్పు. దేశంలోని పరిశ్రమలన్నిటినీ ఒక పట్టికలో అడ్డంగా ఒకసారి, నిలువుగా ఒకసారి రాస్తాం. అడ్డ వరుసలో ఎవరి సరుకు ఎవరికి వెళ్ళిందో ఉంటుంది. నిలువు వరుసలో ఎవరు ఎవరి దగ్గర కొన్నారో ఉంటుంది. ఉక్కు తగ్గితే బొగ్గు, కరెంటు, లారీలు ఎంతెంత తగ్గుతాయో అందులోంచి లెక్క కడతాం.

ఇంతవరకూ దాటేస్తూ వచ్చిన సంగతి ఇప్పుడు రాస్తున్నాను. ఏ పరిశ్రమకి సాయం ఆపేస్తే మిగతావాటికి తక్కువ దెబ్బ తగులుతుందో చెప్పమని ప్రభుత్వం అడిగింది. ఆ లెక్క నాకిచ్చారు. జవాబుగా గుండీలు వచ్చాయక్కా. చొక్కా ధరలో గుండీల వాటా వందకి ఒకటి కూడా లేదు. తప్పు దొరుకుతుందేమోనని మళ్ళీ మళ్ళీ వేశాను. దొరకలేదు.

"గుండీ లేకుండా చొక్కా అమ్ముతారా?" అని మా ఆఫీసు పెద్దాయన్ని అడిగాను.

"బయటి దేశం నుంచి తెప్పించుకుంటారులేవయ్యా. ముందు నీ చేతి గుండీ కుట్టించుకో," అన్నాడు. అందరూ నవ్వారు. నిజంగానే ఊడిపోయి ఉంది.

నివేదిక మీద సంతకం పెట్టాను. సాయం ఆగితే మీ గుండీల ఫ్యాక్టరీ నిలబడదు. పాలిషు దగ్గర నువ్వు నిలబడి తెచ్చిన జీతంతోనే నేను ఈ లెక్కలు చదువుకున్నాను. అది రాయడానికి పట్టికలో గడి లేదు.

ప్రకటన ఇంకా రాలేదు. ఇది బయట చెప్పానని తెలిస్తే నా ఉద్యోగం పోతుంది. అయినా రాస్తున్నాను. అందరూ ఒక్కసారి రోడ్డున పడకముందే ఇంకో పని చూసుకో. బావకి నువ్వే చెప్పు, నాకు ధైర్యం చాలదు.

ఆ పట్టికలో నాకూ ఒక వరుస గీస్తే, నీ గడి తప్ప అన్నీ ఖాళీ. తిట్టడానికైనా సరే, జవాబు రాయి.

ఇట్లు,
నువ్వు పెంచిన తమ్ముడు