నడుము మీది తుపాకి

1999 జూన్ 6, ఆదివారం

ఈరోజు గుడి మెట్ల దగ్గరే ఆగిపోయాం. పాస్టరు అయ్యగారు గుమ్మంలో నిలబడి మా ఆయన నడుము వైపు చూశారు. తెల్ల చొక్కా లోపలికి దోపుకుని, బెల్టుకు తోలు ఒర, ఒరలో రివాల్వరు. దాచిందేమీ లేదు... వీధి చివరి నుంచే కనబడుతుంది.

"దేవదానం, గది ఇంట్ల పెట్టి రారాదు?"

"లైసెన్సు ఉన్నది అయ్యగారూ. ఇంట్ల ఒదిలిపెడితే ఎవల చేతుల పడ్తదో. నా ఒంటి మీద ఉంటెనే భద్రం."

ఆయన చెప్పిందీ సబబే. అయ్యగారి కళ్లలో భయమూ సబబే. చివరికి మా ఆయన బయట స్కూటరు మీద కూర్చున్నారు. నేనూ మా అమ్మాయి రూతూ లోపలికి వెళ్లాం. ప్రార్థనలో ఒక్క మాట చెవికెక్కలేదు.

తర్వాత పెద్దలందరూ అరుగు మీద వాదన. "మిలట్రీల చేసినోడు, ఆయనకు తెల్వదా?" అని ఒకరు. "ఇయ్యాల ఒక్కడు. రేపు అందరు తెస్తరు" అని ఒకరు. నన్నెవరూ అడగలేదు. అడిగితే నేను అయ్యగారి వైపే.

జూన్ 8

తను పనిచేసే ఫ్యాక్టరీ మూసేశాక ఆయన ఇంట్లో ఎంత కుమిలిపోయారో నాకు తెలుసు. అప్పుడే ప్లాట్లు అమ్మే శ్రీశైలం వచ్చాడు. విమానాశ్రయం ఇటే వస్తుందన్న మాట పుట్టినప్పటి నుంచి ప్లాట్ల వ్యాపారం చేసేవాళ్లందరి పక్కనా ఒక తుపాకి ఉండాల్సిందే. "మిలట్రీ అన్నా, నా ఎంబడి నిలబడు, సాలు. నోరు ఇప్పే పని లేదు." మాజీ సైనికుడు కాబట్టి లైసెన్సు ఈయన పేరు మీద తేలికగానే వచ్చింది. రివాల్వరు కొనిచ్చింది శ్రీశైలం.

ఇప్పుడు సుమోలో ముందు సీటు. చౌరస్తాలో బండి ఆగితే కానిస్టేబులు నవ్వుతూ నమస్తే పెడతాడు. ఆ నమస్తే ఎవరికో ఈయనకు తెలుసు.

జూన్ 15

పాల్మాకుల నుంచి ఒక ముసలామె నేను నర్సుగా చేసే దవాఖానకు వచ్చింది. బాలమ్మ. గడ్డపార పడి కాలి వేలు చితికింది. కడుగుతుంటే ఊరికే మాట్లాడుతోంది.

"మా పొలం కాడికి దినాం వస్తరు బిడ్డా. శ్రీశైలం కాగితాలు పట్టుకొని అడుగుతుంటడు. ఎనకాల ఒకడు తుపాకి కట్టుకొని నిలబడ్తడు. ఏమనడు. నా దిక్కు సూడనే సూడడు, చెట్ల దిక్కు సూస్తడు. ఏమన్న అంటె ఠాణల చెప్పుకుందును. ఏమనకపాయె..."

కట్టు కట్టాను. ముడి వేశాను. లేచి వెళ్తూ తలుపు దగ్గర ఆగింది.

"నీ మొగడేనంట గద బిడ్డా."

మిగిలిన దూది డబ్బాలో పెట్టి మూత వేశాను.

జూన్ 16

ఆయన్ని అడగలేదు. అన్నం పెట్టాను. తిన్నారు.

జూన్ 24

మండల ఆఫీసులో మీటింగు. పోలియో చుక్కల సంగతి మాట్లాడాలని నన్ను పిలిచారు. చుక్కలు పక్కకు పోయి తుపాకుల మీదికి పోయింది మాట. పాల్మాకుల రైతులు ఒక దిక్కు, వ్యాపారస్తులు ఒక దిక్కు.

"నడుముకు పెట్టుకొని బజార్ల తిరుగుడు బంద్ చేయిండ్రి సార్. పిల్లలు బడికి పోతలేరు."

"వ్యాపారం చేసేటోనికి పానం లేదా? దొంగలొస్తే మీరొస్తరా?"

ఎస్సై కుర్చీలో వెనక్కి వాలి చెప్పాడు. "లైసెన్సు ఇచ్చింది సర్కారు. పెట్టుకుంటే నేనేం చేస్త? తీసి గురిపెడితే చెప్పుండ్రి. అప్పుడు వస్తం."

బాలమ్మ లేచింది. కాలికి నా కట్టు.

"గురిపెట్టినంక చెప్పనీకి నేనుంటనా సారూ?"

అందరూ నవ్వారు. తర్వాత ఎవరూ నవ్వలేదు. టీలు వచ్చాయి. మీటింగు అయిపోయింది.

జూన్ 27, ఆదివారం

సాయంత్రం పక్కింటి మూర్తిగారు వచ్చి కూర్చున్నారు. బ్యాంకు ఉద్యోగం. గుడివాడ వైపు వాళ్లు. మెత్తగా మాట్లాడతారు గానీ ఈరోజు నేరుగానే అడిగేశారు.

"చట్టం ఒప్పుకుందనుకోండి, నలుగురిలో అలా కనబడేలా పెట్టుకోవడం ఏం మర్యాదండీ?"

"కనబడే తుపాకి తోని ఏం కాదు సార్. ఎవల దగ్గర ఉన్నదో తెలుస్తది. కనబడనిదే డేంజర్."

"మరి ఆ కనబడేదాన్ని చూసే కదండీ జనం పొలాలు వదిలేసుకునేది?"

ఈయన టీ గ్లాసు చేతిలో తిప్పుతూ కూర్చున్నారు. మూర్తిగారు నొచ్చుకుని, "ఏమనుకోకండి" అన్నారు. "ఏమనుకోను సార్" అన్నారు ఈయన.

జూలై 10

మధ్యాహ్నమే ఇంటికి వచ్చేశారు. బావి దగ్గర చేతులు కడుక్కున్నారు. మళ్లీ కడుక్కున్నారు.

అడగ్గా అడగ్గా చెప్పారు. పాల్మాకులలో బాలమ్మ ఈరోజు శ్రీశైలాన్ని నోటికొచ్చినట్టు తిట్టిందట. శ్రీశైలం వెనక్కి తిరిగి, "అన్నా, జర చూపెట్టు" అన్నాడట. ఈయన తీయలేదు. చెయ్యి మాత్రం దాని మీద వేశారు. అంతే. ముసలామె చాలులో కూలబడి కొంగు తల మీద కప్పుకుందట... వాన వస్తే కప్పుకున్నట్టు.

"సరిహద్దుల ఇన్నేండ్లు ఉన్న. ఒక్కడు కూడ నన్ను చూసి అట్ల కూలబడలే సుగుణా."

జూలై 12

పని మానేశారు. రూతు వాళ్ల నాన్న పక్కన కూర్చుని అన్నం తిన్నది. చాలా రోజుల తర్వాత.

జూలై 14

శ్రీశైలం వచ్చాడు. చెప్పులు విప్పలేదు.

"పని ఇడ్సిపెడితే ఇడ్సిపెట్టు. నా పైసల తోని కొన్నది నాకియ్యి."

"లైసెన్సు నా పేరు మీదున్నదన్నా. నీకిస్తే నాకు జైలు, నీకు జైలు. ఠాణల అప్పజెప్పుత."

"మంచిది. అప్పజెప్పు. సూస్త."

ఆ "సూస్త" రోజంతా చెవిలోనే ఉంది.

జూలై 30

ఎన్నికల ఆర్డరు వచ్చింది. లైసెన్సు తుపాకులన్నీ స్టేషన్లో అప్పజెప్పాలి. ఆయన ముఖం తేటపడింది. "ఎన్నికలైనంక ఇగ తెచ్చుకోను. లైసెన్సే ఒద్దని రాసిస్త" అన్నారు. నాకు బరువు దిగినట్టుంది.

ఆగస్టు 2, సోమవారం

పొద్దున చిన్న గొడవ. గుడ్డలో చుట్టి, సంచిలో పెట్టుకుని తీసుకుపొమ్మన్నాను. వినలేదు.

"సంచిల దాస్తే దొంగ లెక్క ఉంటది. ఎవడన్న సంచి తీసి చూస్తే ఏం చెప్పాలె? లైసెన్సు ఉన్నోడు దాచుడేంది. అందరికి కనబడని."

"మొన్నటి దాక సుమోల పోయినవు. ఇయ్యాల ఒక్కనివి పోతున్నవు."

"అయితేంది? గదే తుపాకి. గదే నేను."

చొక్కా ఇస్త్రీ చేసి ఇచ్చాను. సాతంరాయి స్టాపులో బస్సు ఎక్కారు. మూర్తిగారూ అదే బస్సు. స్కూటరు రిపేరులో ఉంది, లేకపోతే...

ఆగస్టు 5

ఇప్పుడు రాస్తాను.

శంషాబాద్‌లో బస్సు దిగారు. అక్కడ ఎన్నికల తనిఖీ కోసం బయటి నుంచి వచ్చిన పోలీసులు. ఈయన ఎవరో వాళ్లకు తెలియదు. వాళ్లకు ముందే ఎవరో ఫోన్ చేశారట, తుపాకితో ఒకడు వస్తున్నాడని. జనంలో ఎవరో అరిచారు. "చేతులెత్తు" అన్నారు. ఎడమ చెయ్యి ఎత్తారు. కుడి చెయ్యి జేబులోకి పోయింది, లైసెన్సు తీద్దామని. వాళ్లలో ఒకడు కాల్చాడు. ఒక్కటే దెబ్బ. కుడి తొడ.

మూర్తిగారు పట్నంలో పెద్ద దవాఖాన మెట్ల మీద నాకు చెప్పిన మాటలివి. ఆయన చొక్కా అంతా రక్తం. ఆటోలో ఒళ్లో పడుకోబెట్టుకుని తెచ్చింది ఆయనే. "నేను వెనకే ఉన్నానమ్మా. ఒరకు వేసిన బొత్తాం కూడా తీయలేదు మీ ఆయన. నా కళ్లతో చూశాను."

ఆగస్టు 6

గురిపెట్టాడని కేసు రాశారు. పోలీసును చంపబోయాడట. మంచానికి బేడీ వేశారు. ఎడమ చేతికి.

ఆగస్టు 7

ఎవరు ఫోన్ చేశారు? శ్రీశైలమా? బస్సులో పిల్లను ఎత్తుకున్న ఏ తల్లో దిగి చేసిందా? ఆ తల్లి అయితే నేనేమనగలను... ఆయన నా మొగుడు కాకపోతే నేనూ చేసేదాన్ని.

ఆగస్టు 9

మా ఎస్సై దగ్గరికి వెళ్లాను. నిలబడే మాట్లాడాడు.

"మావోళ్లు కాదమ్మా కాల్చింది. బయటి పార్టీ."

"ఆయన ఎవరో మీకు తెలుసు గద సార్. దినాం చూసిండ్రు. మీ ఆర్డరు మీదనే మీ దగ్గరికి వస్తుండె."

"తెలుసు. కాని రాసింది రాసిండ్రు. ఆర్డీవో ఎంక్వైరీ ఉంటది, అక్కడ చెప్పుకోండ్రి."

"తీసి గురిపెడితే వస్తమన్నరు. ఆయన తియ్యనే లేదు."

ఆ మాటకు ఫోను ఎత్తుకున్నాడు. అది మోగలేదు.

ఆగస్టు 12

కట్టు మార్చేటప్పుడు ఆ కుళ్లు వాసన. వార్డుల్లో ఎన్నేళ్లుగా తెలిసిన వాసన. ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

ఆగస్టు 13

కుడి కాలు మోకాలి పై దాకా తీసేశారు.

ఆగస్టు 16

స్పృహ బాగా వచ్చింది. లేని పాదం దురద పెడుతోందన్నారు. దుప్పటి మీద, ఖాళీ చోట, కాసేపు గోకాను. కాపలా కానిస్టేబులు ముఖం కిటికీ వైపు తిప్పుకున్నాడు. పెద్ద వయసు మనిషి. బేడీ సంగతి అడిగితే, "ఏం చేయాలె సిస్టరమ్మా, ఆర్డరు" అన్నాడు.

"కాలు లేనోడు యాడికి ఉరుకుతడు సార్?" రూతు అడిగింది. అతను బయటికి వెళ్లి బీడీ ముట్టించాడు.

ఆగస్టు 19

ఊళ్లో ఇప్పుడు ఇదే చర్చట. టీ కొట్టు దగ్గర రెండు వర్గాలు. "లైసెన్సు ఉన్నోన్నే కాలుస్తరా?" "మంచిగ చేసిండ్రు, ఇగ ఎవడు కట్టుకొని తిరగడు." రూతు కాలేజీ నుంచి వచ్చి చెప్పి ఏడ్చింది. రెండో మాట అన్నవాళ్లు మన గుడివాళ్లేనట.

రెండు నెలల కిందట గుడి దగ్గర ఆ మాటే నేను వేరేలా అనుకున్నాను. ఎవరి మీద కోపం తెచ్చుకోను?

ఆగస్టు 22, ఆదివారం

బాలమ్మ వచ్చింది. పాల్మాకుల నుంచి బస్సులు మారి, అడుగుతూ అడుగుతూ వార్డుకు. ఈయన ఆమెను చూసి ముఖం తిప్పుకోబోయారు. బేడీ తిరగనివ్వలేదు.

ఆమె మంచం పక్కన నేల మీద కూర్చుంది. పైకి కూర్చోమంటే వినలేదు.

"నేను మొక్కుకున్న బిడ్డా. గా తుపాకోనికి ఏదన్న కావాలె అని మొక్కుకున్న. అబద్ధం చెప్ప. కాని గిట్ల కాదు... గిట్ల కాదు."

"నీ తప్పు లేదమ్మా," అన్నారు ఈయన. "నేను నీ పొలంల నిలబడకుండ ఉండాల్సింది."

"పొలం పోయింది కొడుకా. మొన్ననే ఏలుముద్ర ఏసిన."

బాలమ్మ చాలాసేపు కూర్చుని వెళ్లిపోయింది.

ఆగస్టు 26

బస్సులోంచి చూశాను. చౌరస్తాలో శ్రీశైలం సుమో. ముందు సీట్లో కొత్త మనిషి. నడుముకు ఉంది. ప్రాణభయం ఉన్నవాళ్లకు ఆర్డరు నుంచి మినహాయింపట. కానిస్టేబులు నమస్తే పెట్టాడు.

ఆగస్టు 30

ఆర్డీవో శుక్రవారం దవాఖానకే వచ్చి వాంగ్మూలం తీసుకుంటారట. సాక్షి అంటే మూర్తిగారు ఒక్కరే. మిగతా బస్సు జనం ఎవరో, ఎక్కడో. ఆయన కనబడి వారమైంది. తలుపు వేసే ఉంటోంది.

సెప్టెంబరు 1

ఈరోజు ఆయన మజ్జిగ తాగుతూ, మామూలుగా అన్నారు.

"ఆ పిలగాడు... కాల్చినోడు. చెయ్యి వణుకుతుండె. నేను చూసిన. చేతులెత్తు అన్నంక నేను జేబుల చెయ్యి పెట్టిన. వాని జాగల నేనున్నా కాల్చేటోన్ని సుగుణా."

"ఆర్డీవో ముందర గది చెప్తవా?"

"జరిగింది చెప్పొద్దా?"

"గురిపెట్టలేదని చెప్పు. అంతే చెప్పు. వాని చెయ్యి వణికిన సంగతి నీకెందుకు? జైలుకు పోతవు. రూతు ఏం కావాలె? నేనేం కావాలె?"

"గురిపెట్టలేదు. గదీ చెప్త. ఇదీ చెప్త. సగం చెప్పుడు నాకు చాత కాదు."

పదిమంది చూస్తుండగా ఆయన మీద అరిచాను. పెళ్లయ్యాక మొదటిసారి.

సెప్టెంబరు 2

మూర్తిగారి తలుపు తట్టాను. వాళ్లావిడ తీసింది. గడపకు అడ్డంగా నిలబడింది.

"ఏమనుకోకండి సుగుణగారూ. ఆయనకు కూడా ఎన్నికల డ్యూటీ పడింది. ఆ డ్యూటీలో పోలీసులతోనే పని చెయ్యాలి. బ్యాంకులో కూడా ఎవరో వచ్చి అడిగి వెళ్లారటండీ, మీరెందుకు ఇరుక్కుంటారని. మాకూ పిల్లలున్నారు."

లోపల ఆయన దగ్గు వినిపించింది. బయటికి రాలేదు. నేను పిలవలేదు.

ఆ చొక్కా గుర్తొచ్చింది. రక్తం మరక వదల్లేదని, పారేశామని ఆవిడే చెప్పింది మొన్నెప్పుడో.

సెప్టెంబరు 3, శుక్రవారం

దవాఖాన వరండాలో, బల్ల మీద కూర్చుని రాస్తున్నాను.

పొద్దున కానిస్టేబులు బేడీ తీసి జేబులో వేసుకున్నాడు. "సారు వస్తుండు" అన్నాడు. మణికట్టు చుట్టూ పుండు. మందు రాయబోతే ఆయన చెయ్యి వెనక్కి తీసుకున్నారు. "ఉండనియ్యి" అన్నారు. మొన్న నేను అరిచినప్పటి నుంచి మా ఇద్దరి మధ్య మాటల్లేవు. ఈరోజు తల దువ్వమన్నారు. దువ్వాను.

మూర్తిగారు వచ్చారు. ఇందాకే. నా పక్కన కాదు, ఎదుటి బల్ల చివర కూర్చున్నారు. నన్ను చూసి తల ఊపారు. ఆయన ముందు ఒక పోలీసు నిలబడి ఏదో అడుగుతున్నాడు. ఆయన కళ్లజోడు తీసి తుడుస్తున్నారు, పెట్టుకుంటున్నారు, మళ్లీ తుడుస్తున్నారు.

ఆర్డీవో లోపలికి వెళ్లాడు. ఆయన వెనక రాసుకునే గుమస్తా. నన్ను బయట ఉండమన్నారు. తలుపు వేశారు.

లోపల మా ఆయన గొంతు వినిపిస్తోంది. నిదానంగా, ఆగి ఆగి చెబుతున్నారు. మాటలు తెలియడం లేదు... సగం మాత్రం చెప్పరని తెలుసు.