ఆవిరిని పొగ అనుకున్నాను

అక్కా,

నేను బాగానే ఉన్నాను, కంగారుపడకు. మా బట్టల ఫ్యాక్టరీలో నిద్ర మానుకొని వరుస షిఫ్టుల్లో కుట్టానా, నిన్న ఇస్త్రీ బల్ల దగ్గర ఆవిరి చూసి "మంటలు!" అని అరిచేశాను. అందరూ మెట్ల మీదికి పరుగెత్తారు. పక్క మిషను అమ్మాయి, నిండు గర్భిణి, జారిపడింది. బిడ్డకేం కాలేదు గానీ ఆమె ముందు తలెత్తలేకపోతున్నాను.

"నిద్ర చాలకపోతే మెదడులో రసాయనాలు తారుమారై లేనిపోని భయాలు పుడతాయి. నీకే ఇట్లా ఉంటే, ఎదిగే పిల్లల సంగతి చెప్పక్కర్లేదు" అంది నన్ను చూసిన ఫ్యాక్టరీ డాక్టరమ్మ.

నీ దగ్గరున్న నా కూతురు గుండె దడగా ఉందంటే, చదువు ఎగ్గొట్టే వేషాలని మొన్న కార్డులో తిట్టాను. సిగ్గుతో చచ్చిపోతున్నాను. చదువుకోడానికి దాన్ని తెల్లవారుజామున లేపమన్నదీ నేనే. ఇక లేపకు. దాని దిండు మెత్తగా ఉందా?

బావగారికి నమస్కారాలు. అమ్మ క్షమించమందని దానికి చెప్పు, తనంతట తను లేచాక.

నీ చెల్లి