దేవదారు కింద కెసయమ్మ

టెంపీ అక్కకు,

తమ్ముడు ఒబడయా ప్రభువు పేరిట వందనాలు చెప్పి రాస్తున్న ఉత్తరం. ఇక్కడ అందరం ఆయన కృపలో లేచి తిరుగుతున్నాం. డెట్రాయిట్ చలిలో నువ్వూ కుశలమని నమ్ముతున్నాను. నీ మోకాళ్లకు ఓర్ఫా అత్త కర్పూర తైలం పంపుతోంది. "రుద్దుకోమను, దాచుకుని వాసన చూసుకోవద్దను" అంది.

మన సమాధుల కొండ మీదుగా వేస్తామన్న రోడ్డు సంగతి అడిగావు. సర్వే చేసే హోల్కమ్ దొర నేరుగా చర్చికే వచ్చాడు. "సమాధి రాళ్లేవయ్యా బోధకుడూ? రాయి లేనిచోట సమాధులున్నాయని ఎలా రాయను?" అన్నాడు. ఐగుప్తులో ఫరో రాజు గడ్డి ఇవ్వకుండా ఇటుకలడిగాడు, అప్పట్లో మనల్ని రాళ్లు పెట్టుకోనివ్వని వీళ్లు ఇప్పుడు రాళ్లడుగుతున్నారు! బానిసత్వం నుంచి పారిపోయి ఈ ఊళ్లో మొదట దిగిన మనవాళ్లు, చనిపోయినవాళ్లు ఆఖరున తిన్న పళ్లెం పగలగొట్టి సమాధి తలవైపు గుచ్చేవాళ్లు, ఇంట్లో ఇంకొకరు వెంట వెళ్లకుండా. ఆ పెంకులే మన గుర్తులు. ఈస్టరుకు ముందు మన స్త్రీల సమాజం కొండ శుభ్రం చేస్తూ, చెత్తనుకుని అన్నిటినీ వాగులో పోసింది.

ఓర్ఫా అత్త ఆరాధన మధ్యలో లేచింది. "టోపీలకు ఈకలు గుచ్చుకోవడం వచ్చింది గానీ, మీ ముత్తవ్వల పళ్లేలు ఆనవాలు పట్టడం రాలేదర్రా మీకు!" ఒక్క టోపీ పైకి లేవలేదు.

"ఒక సమాధి తెరిచి చూపించండి, రోడ్డు చుట్టూ తిప్పుతాను. లేకపోతే సోమవారం యంత్రాలొస్తాయి" అన్నాడు దొర. చోటు ఖాయంగా తెలిసింది ఒక్కటే, దేవదారు కింద మన ముత్తవ్వ కెసయమ్మది. సంఘమంతా నావైపు చూసింది.

"రోడ్డు వేస్తే వేసుకోనీ, ముత్తవ్వ మీద పార పడనివ్వకు" అని రాశావు. అక్కా, పడనిచ్చాను. మళ్లీ అడిగినా వద్దనే అంటావని నిన్ను అడగలేదు. తన ఎముకలు ఐగుప్తులో విడిచిపెట్టవద్దని యోసేపు ఒట్టు వేయించుకున్నాడే, ఆ మాట పట్టుకుని మొదటి పార నేనే వేశాను.

తల పడమరకు, పాదాలు తూర్పుకు, ప్రభువు పిలుపు వినబడితే లేవడానికన్నట్టే పడుకుని ఉంది. దొర టోపీ తీశాడు. రోడ్డు తిప్పుతానని అక్కడే మాటిచ్చాడు. నేను తిరిగి మట్టి కప్పబోతుంటే ఓర్ఫా అత్త నా చెయ్యి పట్టుకుంది. "ఆగరా ఒబీ. ఆ మోచేతి ఒంపులో చూడు."

చిన్న తల. నా పిడికిలికి కాస్త పెద్దది.

మన మామ్మ బతికినంతకాలం వాళ్లమ్మ కెసయమ్మ గురించి ఏమనేదో గుర్తుందిగా? "మా అమ్మ నన్ను చంకనేసుకుని నది దాటింది. నా చంటి తమ్ముణ్ణి కెంటకీ ఒడ్డున, బానిసత్వంలోనే వదిలేసింది." ఆ కోపంతోనే మామ్మ ఎన్నడూ ఈ కొండ ఎక్కలేదు. నది దాటేనాటికి ఆమెకు మూడేళ్లు. ఎవరేం చెప్పారో, ఏం అర్థమైందో. నది దాటిన మొదటి చలికాలమే పోయిన మనిషికి ఇక్కడ వేరే బిడ్డ ఎక్కణ్ణుంచి వస్తుంది?

వదల్లేదక్కా. తెచ్చుకుంది.

ఇంకా మట్టి కప్పలేదు. మగవాళ్లం వంతులేసుకుని కాపలా కూర్చున్నాం. వాడి పేరు ఎవరికీ తెలియదు. పేరు లేనివాణ్ణి ప్రభువుకు ఏమని అప్పగించను? మన ఇంట్లో ఇప్పుడు పెద్దదానివి నువ్వు. నా మీద కోపం ఎన్నాళ్లైనా ఉంచుకో, ఉత్తరం రాయకు. టెలిగ్రాంలో వాడికొక పేరు పెట్టి పంపు, చాలు.

ఇట్లు,
నీ మాట మీరిన తమ్ముడు,
ఒబడయా