ఈసారి అక్రోటు రొట్టె

వెస్ట్ వర్జీనియా,
ఏప్రిల్ 24.

ఐరీనాకు అమ్మ ఆశీస్సులు. ఇక్కడ నేనూ జోసీ క్షేమం. నీ ఉత్తరంలో అక్షరాలు వణక్కుండా గీత మీద నిలబడ్డాయి. నువ్వూ కుదురుగా ఉన్నావని వాటిని చూసే తెలుసుకున్నాను.

మంచి వార్త చివరిదాకా దాచడం నావల్ల కాదు. జోసీకి సర్కారు సహాయం మంజూరైంది! మధ్యాహ్నం క్లేటన్ ఫోన్ చేసి చెప్పాడు. నా దగ్గర నాలుగో తరగతి చదివినవాడే, ఇప్పుడు ఆ ఆఫీసులో గుమాస్తా. ఫోన్ పెట్టేసి వంటింట్లో ఒక్కదాన్నే చప్పట్లు కొట్టాను. నీ కూతురు వచ్చి, "అమ్మమ్మా, జ్వరమా?" అని నుదురు ముట్టుకుని చూసింది.

ఇక నీ ప్రశ్నలు. జోసీ గోళ్లు కొరకడం తగ్గింది, లెక్కల పరీక్ష రోజు తప్ప. నీ నీలం కోటును పురుగు కొట్టలేదు. ఈస్టర్‌కి గసగసాల రొట్టె ఎందుకు రాలేదు, ఇంకా కోపమా అని అడిగావు. దానికి జవాబు కాస్త పొడుగు.

ఇంట్లో మత్తుమందు వాడినవాళ్లున్నారా అని దరఖాస్తులో అడిగారు. నా కూతురు వాడింది, ఇప్పుడు చికిత్సలో ఉంది అని రాశాను. దాంతో ఈస్టర్ ముందు నన్నే మూత్రపరీక్షకు పిలిచారు. డెబ్బై ఒక్కేళ్లదాని చేతిలో మూత ఉన్న కప్పు పెట్టి, నర్సు బాత్రూమ్ చూపించి తలుపు బయట నిలబడింది. జీవితమంతా పిల్లల పరీక్షలకు కాపలా కాసినదాన్ని, ఆ రోజు నాకు కాపలా. అయినా ధీమాగానే ఉన్నాను. నేను ఏ పరీక్ష తప్పాను కనక?

తప్పాను. నల్లమందు ఆనవాలు ఉందన్నారు. డబ్బు రాకపోతే పోనీ, మత్తుకు అలవాటుపడిన ముసలిదాని దగ్గర పిల్లను ఉంచుతారా?

క్లేటన్ తలుపు మూసి, ఈ వారం ఏమేం తిన్నారని అడిగాడు. పూటపూటా అప్పజెప్పాను. రొట్టెలో పెట్టగా మిగిలిన గసగసాల ముద్దను పారేయలేక గిన్నె నాకానని కూడా చెప్పాను.

"గసగసాలా? ఈస్టర్‌కి మా క్లాసులో ముక్కలు కోసి పెట్టేవారు, అదేనా టీచర్?"

"అదే. నువ్వు రెండోసారి వరసలో నిలబడి దొరికిపోయావు."

"ఇవాళ దొరికింది మీరు," అన్నాడు.

ఆ గింజలు నల్లమందు మొక్కవే కాబట్టి, అవి తిన్నా పరీక్ష అలాగే చూపిస్తుందట. పండగ అయ్యాక మళ్లీ పరీక్ష పెట్టించాడు. అప్పటిదాకా గిన్నెలు నాకవద్దని నాకే పాఠం చెప్పాడు. ఆ ఫలితమే ఇవాళ వచ్చింది. ఏ మచ్చా లేదు.

ఇప్పుడు అసలు మాట. ఆ రోజు నీ రొట్టె పార్సెల్ కారు వెనక సీట్లోనే ఉంది. ఆఫీసు పని కాగానే పోస్టు చేద్దామనుకున్నాను. బయటికొచ్చి కారులో కూర్చుని దాన్నే చూశాను. అది నీకు చేరి, నువ్వు తిని, చికిత్స కేంద్రంలో వాళ్లు పెట్టే పరీక్ష తప్పి ఉంటే, "అమ్మ పంపిన రొట్టె తిన్నాను, అంతే" అని ఫోన్‌లో చెప్పేదానివి. నేను నమ్మేదాన్ని కాదు, ఐరీనా. సాకు అనుకునేదాన్ని. నన్ను ఒక గుమాస్తా ఒక్కమాటకు నమ్మాడు. నా కడుపున పుట్టినదాన్ని నేను నమ్మేదాన్ని కాదు. ఇది రాయలేకే ఇన్నాళ్లు ఊరుకున్నాను. కోపం కాదు.

గనుల్లో పనికి స్లోవేకియా నుంచి వచ్చిన మా అమ్మమ్మ కాలం నుంచి మన ఇంట్లో గసగసాల డబ్బా ఖాళీ అవలేదు. నిన్న పెరట్లో పిట్టలకు పోసేశాను. డబ్బా కడిగి అక్రోటు పప్పు నింపాను.

ఈ పార్సెల్‌లో ఉన్నది అక్రోటు రొట్టె. భయం లేకుండా తిను. ఎవరేమడిగినా ఉన్నదున్నట్టు చెప్పు. వాళ్లు నాకు ఫోన్ చేస్తే, నువ్వేం చెప్పావని ముందు వాళ్లనే అడుగుతాను. అదే నిజమంటాను.

ఇట్లు,
నీ మాటకు పూచీపడే అమ్మ,
మార్తా