పాట లేకుండా కొట్టిన గచ్చు

బాలక్కా,

నేను, కిష్టయ్యను. బాగున్నావా అని అడగను. చచ్చినవాళ్లను అట్లా అడిగే అలవాటు నాకు లేదు. నువ్వు పోయి ఒక చలికాలం, ఒక ఎండాకాలం గడిచిపోయాయి. పాలమూరులో ఇప్పుడు వానలు పడుతున్నాయి.

నీకు చదువు రాదని తెలుసు. నాకు మాత్రం ఎవడు నేర్పాడు? కాలేజీ గోడకు అంటించిన నాటకాల కాగితాలే నా బడి. నెత్తి మీద సున్నం తట్టతో నువ్వు నిలబడేదానివి, నేను ఒక్కో అక్షరం కూడబలుక్కునేవాణ్ని. "జల్ది సదువు తమ్మీ, నా మెడ ఇరుగుతాంది. ఇంతకూ రాజు సచ్చిండా, బతికిండా?" అనేదానివి. అది కాగితం మీద రాయరక్కా, లోపలికి పోయి చూడాలి అంటే నమ్మేదానివి కాదు. నాకు చదవడం రాక దాస్తున్నాననుకునేదానివి.

అందుకే ఇది రాసి ఊరుకోను. రేపు పొద్దున మిద్దె ఎక్కి నీకు చదివి వినిపిస్తాను. ఏ మిద్దె అంటావా? మనదే. మనం కట్టిన కాలేజీ హాలుది.

కోస్గి దగ్గర చేలు ఎండిపోయి కూలికి వచ్చిన మనకు ఈ పాలమూరులో దొరికిన మొదటి పని అది. పునాదుల కాడనే అడిగావు, ఇది దేనికని. కాలేజీ పిల్లలు పాటలు పాడడానికి, నాటకాలు ఆడడానికి అని మల్లయ్య మేస్త్రి చెప్పాడు. "పాటలకు గింత పెద్ద ఇల్లా? మనుషులకే లేకపాయె గదరా!" అని నోరు తెరిచావు. సాయంత్రం చేతులు కడుక్కుంటూ అన్నావు... "అయినంక మనం గూడ లోపట కూసోవాలె తమ్మీ. మనం కొట్టిన మిద్దె కింద పాట ఎట్ల మోగుతదో ఇనాలె."

నువ్వు కోరింది అదొక్కటే. బంగారం అడగలేదు, భూమి అడగలేదు. అది కూడా నీకు దక్కలేదు గదా...

నీ బదులు నేను వినాలనుకున్నాను. హాలు తెరిచేదాకా ఆగలేక, పని దిగగానే ఊళ్లో ఎక్కడ పాట వినిపిస్తే అక్కడికి పోయాను. చెప్తా విను.

మునిసిపాలిటీ తోటలో వేపచెట్టుకు గొట్టం కట్టి రేడియో పెట్టారు. పాట వస్తే జనం గుమిగూడుతారు, వార్తలు రాగానే లేచిపోతారు. స్టేషను దారిలో ఇరానీ హోటల్లో గ్రామఫోను ఉంది. చాయ్ ఉన్నంతసేపే కూర్చోనిస్తారు. సాసరులో పోసుకుని, ఊది ఊది, చల్లారి నీళ్లయ్యేదాకా తాగాను. సంగీతం నేర్పే పంతులు ఇంటి కిటికీ కింద నిలబడ్డాను. లోపల ఆడపిల్లలు సరిగమలు సాగదీస్తున్నారు. నన్ను చూసి కిటికీ మూసేశారు. సున్నం కొట్టుకుపోయిన ఈ మొహం చూసి ఏమనుకున్నారో? పాటను మూట కట్టుకుని పారిపోతాననుకున్నారా?

కాలేజీ పిల్లలు నాటకం నేర్చుకుంటుంటే చూడబోయాను. రాజు, మంత్రి, రాణి అందరూ పుస్తకంలో మాట మాట్లాడతారు. పనివాడొకడు వస్తాడు. వాడొక్కడే మన మాట మాట్లాడతాడు. వాడు "గిట్ల" అంటే నవ్వు, "గట్ల" అంటే నవ్వు. ఆ వేషం వేసినవాడు జడ్చర్ల పిల్లగాడే అక్కా! ఇంట్లో వాళ్లమ్మను అన్నం పెట్టమని ఏ మాటలో అడుగుతాడు? అదే మాట కిటికీలోంచి గట్టిగా అడిగాను. తరిమారు. మర్నాడు మళ్లీ పోయాను. చివరిదాకా చూడాలి గదా.

రాజు చచ్చిపోయాడక్కా. నీకు చెప్పాలనే చూశాను.

ఒక్క దర్గా కాడనే కుదురుగా కూర్చున్నాను. అక్కడ కవ్వాలీ జరుగుతుంది. ఒక పెద్దాయన ఎత్తుకుంటాడు, మిగిలినవాళ్లు చప్పట్లతో అందుకుంటారు. మాట సగం అర్థం కాలేదు. కానీ ఆ పెద్దాయన ఊపిరి తీసుకునే చోట వరుసంతా ఒక్కసారి లేవడం ఉంది చూడు... అది విన్నాక నా వల్ల కాలేదు. పక్కన కూర్చున్న సాయెబు తన రుమాలు నా ఒళ్లో వేసి, "ఏడ్వు బిడ్డా, ఏం ఫికర్ లేదు, ఈడ అందరం గందుకే వస్తం" అన్నాడు.

మీ వరుస కూడా అంతే గదా.

మిద్దె మీద గానుగలో నూరిన డంగు సున్నం పరిచి, కరక్కాయ నీళ్లు, బెల్లం నీళ్లు చల్లుతూ, ఆడవాళ్లంతా వరుసగా గొంతుక్కూర్చుని చెక్కలతో కొట్టుకుంటూ ముందుకు జరిగేవాళ్లు. నువ్వొక్కదానివి వాళ్లకు ఎదురుగా నిలబడి పాట ఎత్తుకునేదానివి. కూర్చుంటే గొంతు కడుపులోనే ఉండిపోతదనేదానివి. వాళ్లు ముందుకు వచ్చేకొద్దీ నువ్వు వెనక్కి అడుగేసేదానివి. ఆ పాట నువ్వు కట్టిందే...

"కొట్టవే చెల్లే కొట్టు, కొసదాక కొట్టు
మొగులు మీది వాన మిద్దె దిగకుండ కొట్టు"

హాలు తెరిచిన రోజు సంగతి చెప్తాను. పట్నం నుంచి పెద్ద విద్వాంసుణ్ని పిలిపించారు. తలుపు కాడ చప్రాసీ నన్ను ఆపాడు. "కూలోల్లకు ఈడ ఏం పని?" అన్నాడు. వాకిలి ఎత్తింది మేమే అన్నాను. "ఎత్తినోల్లంత లోపలికొస్తే కూసునేటోల్లకు జాగా ఏడుంటది?" అన్నాడు. ఎంత తెలివి! చివరికి బెంచీలు మోసే వంకతో లోపలికి పోయి, గోడకు ఆనుకుని ఉండిపోయాను.

ఆయన గొంతు విప్పాడు. అక్కా... మోగింది. నిజంగా మోగింది. పైకి పోయి, మన మిద్దెను తాకి, మళ్లీ జనం మీదికి దిగింది. కళ్లు మూసుకున్నాను. నువ్వు నా పక్కన గోడకు ఆనుకుని ఉన్నావనుకున్నాను. ఉన్నావా?

అంతలో వాన పట్టింది. కొంచెంసేపటికి వేదిక మీద ఒక చుక్క పడింది. తర్వాత ఇంకోటి. తంబూరా పట్టుకున్న పిల్ల పైకి చూసింది. చుక్కలు ధార అయ్యాయి. విద్వాంసుడు పాట ఆపాడు. వెనక వరుసల పిల్లలు ఈలలు వేశారు. ఎవరో బకెట్టు తెచ్చి పెట్టారు. ఆ బకెట్టులో నీళ్లు పడే చప్పుడు తప్ప హాల్లో ఇంకేం మిగల్లేదు.

నేను తల ఎత్తి చూడలేదు. ఎత్తాల్సిన పని లేదు. అది ఏ మూలో నాకు తెలుసు.

నువ్వు పడిపోయిన మూల.

అక్కడ పిట్టగోడ లేదు. గచ్చు అయ్యాక కడతామన్నాడు గుత్తేదారు. పోనీ తాడన్నా కట్టమని మల్లయ్య అడిగితే, ఆడవాళ్లు కూర్చుని చేసే పనికి తాడెందుకని నవ్వాడు. నిజమే, అందరూ కూర్చుంటారు. నువ్వు కూర్చోవు గదా. 'కొసదాక' అన్న మాట కాడ నీ గొంతు ఆగింది. వరుస మాత్రం తర్వాతి మాట అందుకుంది. కింద చప్పుడు అయ్యాకనే అర్థమైంది వాళ్లకు. అందరికంటే ముందున్న చిట్టెమ్మ నీ చీర కొంగు కోసం చెయ్యి చాపిందట. అందలేదట...

నేను నిన్ను ఎత్తుకుని దవాఖానకు ఉరికాను. అక్కడ వాళ్లు ఏమన్నారో నీకెందుకులే.

పరిచిన సున్నం మనిషి పోయిందని ఆగదు. పొద్దు గూకేలోపు కొట్టకపోతే బిరుసెక్కి పాడవుతుంది. గుత్తేదారు ఆడవాళ్లను మళ్లీ పైకి తోలాడు. ఎక్కారు. కానీ మన మనిషి పోతే దినాలు అయ్యేదాకా పని మీద పాట ఎత్తరు గదా. నీ మీద గౌరవంతో నోరు మూసుకుని కొట్టారు. పాట ఉంటే చేతులన్నీ ఒక్కసారి లేస్తాయి, ఒక్కసారి పడతాయి. ఆ సాయంత్రం ఎవరి చెయ్యి వాళ్లదే. ఒక చేత్తో కళ్లు తుడుచుకుంటూ, ఒక చేత్తో కొడుతూ... ఎక్కడ దెబ్బ పడిందో, ఎక్కడ పడలేదో ఎవరు చూశారు?

వాళ్లను తప్పు పట్టగలనా? ఆ పూట ఎవరన్నా పాడి ఉంటే నేనే వాళ్ల నోరు నొక్కేవాణ్ని.

హాల్లో నీళ్లు కారిన మర్నాడు గుత్తేదారు వచ్చి, ఆడవాళ్లు నిద్రపోతూ కొట్టారన్నాడు. నిద్ర! ఆ మూల పగలగొట్టి మళ్లీ పరవండి, కాలేజీ పండుగలోపు కావాలి అన్నాడు. పిట్టగోడ ఏదయ్యా అన్నాను. అప్పటికి కూడా లేదక్కా! సిమెంటు రాలేదట, ఇటుక రాలేదట, పైనుంచి కాగితం రాలేదట. మా అక్క మాత్రం పైనుంచి వచ్చింది గదా అన్నాను. వాడి మొహం మాడిపోయింది. నన్ను పనిలోంచి తీసేస్తానన్నాడు.

అప్పుడు చిట్టెమ్మ లేచింది. నువ్వు పోయినప్పటి నుంచి ఆమె పాడడమే కాదు, సరిగ్గా మాట్లాడింది కూడా లేదు. తట్ట బోర్లించి, సున్నం గానుగ పక్కన దాని మీద కూర్చుంది. "గోడ లేంది నేను ఎక్క. నువ్వు ఎక్కి కొట్టుకో పో సారూ, నీకు తాడు నేను పట్టుకుంట" అంది. మిగిలినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి ఆమె పక్కన తట్టలు బోర్లించారు. మల్లయ్య గానుగ ఎద్దును విప్పి వేపచెట్టుకు కట్టేశాడు. ఎద్దు ముందు గడ్డి వేసి, తనూ కూర్చున్నాడు.

గానుగ ఆగింది. కాలేజీ పండుగ దగ్గర పడింది. ఇటుక దొరికింది, సిమెంటు దొరికింది. ఎక్కడి నుంచి వచ్చాయో?

గోడ నేనే కట్టాను. మల్లయ్య దారం పట్టాడు. మోకాలి ఎత్తు చాలన్నాడు గుత్తేదారు. నీ నడుము ఎత్తు గుర్తు చేసుకుని, అంతవరకు కట్టాను. ఈ గోడ అప్పుడే ఉంటే... ఈ ఒక్క మాట రోజూ పొద్దున లేవగానే నా నోటికి వస్తుంది. గోడ కట్టినా అది పోలేదు.

రేపు కొత్త సున్నం పరుస్తారు. పాట ఎవరు ఎత్తుకుంటారో తెలియదు. ఎత్తుకోమని చిట్టెమ్మను అడగలేదు. నీ పాటలో ఆ మాట కాడికి వస్తే ఆమెకు ఏమవుతుందో నాకు తెలుసు. ఆమెకు నోరు రాకపోతే నేనే ఎత్తుకుంటాను. మగవాడు ఎత్తుకుంటే ఆడవాళ్లు నవ్వుతారు. నవ్వనీ. "నీ గొంతు పగిలిన కుండ తమ్మీ, కాకులు బెదురుతయి" అనేదానివి గదా. కాకులు బెదిరితే బెదరనీ. ఈసారి మాత్రం పాట లేకుండా ఒక్క దెబ్బ కూడా పడనియ్యను.

నేను తప్పు పాడితే అక్కడి నుంచే అందించు. ఎప్పటిలాగే మాకు ఎదురుగా నిలబడు. వెనక గోడ ఉంది. ఆనుకో.

నీ తమ్ముడు,
కిష్టయ్య