కూర్చుంటారని చెప్పలేదు

తమ్ముడికి అక్క దీవించి రాసేది. ఇక్కడ అందరం కులాసా. మీరూ కులాసాగానే ఉండి ఉంటారు, లేకపోతే మరదలు ఈపాటికి ఫోన్ చేసి నీ మీద చాడీలు చెప్పేది.

నా మోకాలి సంగతి అడిగావు. మెట్లెక్కేటప్పుడు గొణుగుతుంది, దిగేటప్పుడు తిడుతుంది. కొత్త కళ్లజోడు బాగానే కుదిరింది. ఇక నువ్వు అడిగిన అసలు సంగతికి వస్తాను.

కిందటి నెల మనవరాలు కొత్త ప్యాంటు వేసుకుని సోఫాలో కూర్చోగానే వెనక కుట్టు పర్రుమంది. "కూర్చుంటారని చెప్పలేదు" అన్నాను, నవ్వాపుకోలేక. అందరూ నా మొహం చూశారు. మా నాన్న దర్జీ అని, తొందర మాస్టారని ఒకాయన వచ్చేవాడని, ఎక్కడెక్కడి నుంచో చెప్పుకొచ్చాను. చెప్పడం అయ్యేసరికి నాకే నవ్వు పోయింది. అబ్బాయి "బాగుందమ్మా" అన్నాడు. కోడలు మంచినీళ్లు తెచ్చిచ్చింది.

అందుకే పోయిన ఉత్తరంలో ఆ ఒక్క ముక్కే రాశాను, నువ్వైతే చదవగానే పొట్ట పట్టుకుని నవ్వుతావని. నువ్వేమో "ఎవరు ఎవరితో అన్నారక్కా?" అని రాశావు.

నాన్నే అన్నాడురా. మాస్టారు కొత్త ప్యాంటు తొడుక్కుని స్టూలు మీద కూర్చోగానే వెనక చిరిగింది. నాన్న మెడలో టేపు సర్దుకుంటూ, "కొలతలు నిలబడి ఇచ్చారు మాస్టారూ, కూర్చుంటారని చెప్పలేదు" అన్నాడు. మనిద్దరం కత్తిరింపు బల్ల కింద దూరి, నోట్లో గుడ్డపేలికలు కుక్కుకుని నవ్వాం. ఆ తర్వాత ఇంట్లో ఏది పాడైనా అదే మాట.

నీకు గుర్తు లేదంటే నాకంతా అయోమయంగా ఉంది. అమ్మ లేదు, నాన్న లేడు, ఆ మాస్టారూ లేడు. అది జరిగిందా, నేనే అల్లుకున్నానా? నా పక్కన నవ్వింది నువ్వు కాకపోతే మరెవరు?

ఒక సంగతి నీకు చెప్పకుండా దాచాను. ఇంటినిండా మనుషులున్నా ఈ మధ్య నాకెవరూ లేనట్టుంటోంది. ఎవరూ పల్లెత్తు మాట అనరు. అమ్మగా, అత్తయ్యగా, నాయనమ్మగా నన్ను బాగానే చూసుకుంటారు. అంతకుముందు నుంచీ నేనున్నానని వాళ్లకెలా చెప్పను? ఎక్కడ నొప్పి అని డాక్టరు అడిగితే మోకాలే చూపిస్తున్నాను. భయంగా ఉందిరా.

గుర్తొస్తే రాయి. రాకపోతే రాలేదనే రాయి, నా మనసు కోసం అబద్ధం ఆడకు. ఏమో, ఆడినా ఫరవాలేదు.

ఇట్లు,
బల్ల కింద నీ పక్కనున్న
అక్క