జోలె తిప్పి వచ్చాక

అన్నా,

ఇన్నేళ్లూ నీ పక్కన నిలబడి గుమ్మెట వాయించిన నేను, నువ్వు పోయాక మొదటిసారి నిన్న కోస్గి అంగడిలో కథ చెప్పాను.

"ముందలోళ్లు ఎట్లైనా ఇంటరు, ఎనకున్నోడు పోకుంట చూడు" అనేవాడివి. అటే చూస్తూ చెప్పాను. కథలో రాజు విషం గిన్నె ఎత్తగానే, నీలాగే కథ ఆపి జోలె పట్టాను. ఒక్కరూ లేచిపోలేదు. జొన్నలు బాగానే పడ్డాయి.

తిరిగొచ్చి, అలవాటుగా పక్కకు నిలబడి గుమ్మెట అందుకున్నాను, మిగతా కథ నువ్వు ఎత్తుకుంటావని. వాయిస్తూనే ఉన్నాను. జనం చూస్తూనే ఉన్నారు.

చివరికి ముందు కూర్చున్న ఒక అవ్వ అడిగింది:

"ఇగ చెప్పు బిడ్డా, రాజు తాగిండా?"

గుమ్మెట ఆపి, నీ జాగాలోకి జరిగాను.

"తాగిండవ్వా" అన్నాను.